గేట్ల వరుస

నా పేరు ఉన్న చోటల్లా తన పేరు పెట్టుకోవడానికి మా సార్‌కి పట్టిన సమయం ఒక చాయ్ తాగినంత. కంప్యూటర్‌లో ఒక మాటను వెతికి, అది దొరికిన ప్రతిచోటా ఇంకో మాట పెట్టమని చెప్పే వీలుంటుంది. ఆయన వెతికింది నా పేరు. పెట్టింది ఆయన పేరు. వంద పైచిలుకు ఫైళ్లు, ఒక్కో ఫైలు నెత్తిన ఒక్కో పేరు, ఒక్క నొక్కుతో అన్నీ మారిపోయాయి. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

"ఏమీ అనుకోకమ్మా. క్లయింటు దగ్గర సీనియర్ పేరుంటే నమ్మకంగా ఉంటుంది. నీ పనెక్కడికీ పోదుగా," అన్నారు.

ఇదిగో, ఇప్పుడు కూడా "అన్నారు" అని రాశాను. అది నా చేతికున్న అలవాటు. మనసులో ఆయన ఆ రోజే ఏకవచనానికి దిగిపోయాడు, ఇకమీదట కాగితం మీద కూడా దిగుతాడు. ఆ మధ్యాహ్నం డబ్బాలో ఉన్న దొండకాయ వేపుడు నేను తినలేదు. మూత పెట్టేసి, ఈయన తిక్క కుదిర్చే దాకా నిద్రపోను అనుకున్నాను. నిద్రపోయాననుకోండి, కానీ మరిచిపోలేదు.

ఆయన పేరు ఎక్కింది మా కంపెనీ సొంత ఫ్రేమ్‌వర్క్ మీద. అదేమిటో చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. ఏ వెబ్‌సైట్ తీసుకున్నా లోపల జరిగే చాకిరీ ఒకటే. ఎవరో ఏదో అడుగుతూ వస్తారు. వచ్చిందెవరో చూడాలి, వాళ్లకేం కావాలో తెలుసుకోవాలి, ఆ పని చేసే చోటికి పంపాలి, కావలసిన వివరాలు తెచ్చి, ఒక పేజీలో సర్ది, వాళ్ల చేతిలో పెట్టాలి. ప్రతి సైటుకూ ఇదంతా మొదటినుంచీ రాసుకుంటూ కూర్చుంటే జన్మలో తెమలదు. అందుకని ఆ చాకిరీ మొత్తం ఒక్కసారి గట్టిగా రాసి పెడతారు. అదే ఫ్రేమ్‌వర్క్. ఫంక్షన్ హాల్ తీసుకున్నట్టన్నమాట. మండపం, భోజనాల బల్లలు, జనరేటరు అన్నీ వాళ్లవే ఉంటాయి. పెళ్లికొడుకును మాత్రం మనం తెచ్చుకోవాలి.

బయటివాళ్లకు చప్పున ఎక్కని సంగతి ఇంకొకటుంది. మామూలు ప్రోగ్రాము రాసేటప్పుడు ఏది ఎప్పుడు జరగాలో మనం చెబుతాం. ఫ్రేమ్‌వర్క్‌లో అలా కాదు. మనం చిన్న చిన్న ముక్కలు రాసి, చెప్పిన పేరు పెట్టి, చెప్పిన చోట ఉంచి ఊరుకోవాలి. వేళ వచ్చినప్పుడు అదే మన ముక్కను పిలుస్తుంది. పిలుపు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం ఎలాగో నాకు అదే నేర్పింది. ఆ చదువు తర్వాత బాగా పనికొచ్చింది.

రెండేళ్లు రాశాను దాన్ని. మావి చిన్న దవాఖానాల టోకెన్ల సైట్లు, పాత కంప్యూటర్లు, ఈడ్చుకుంటూ వచ్చే ఇంటర్నెట్టు. బజారులో ఉచితంగా దొరికే పెద్ద ఫ్రేమ్‌వర్కులు వాటిమీద మూలుగుతూ నడిచేవి. అందుకే మాకు సరిపోయేంత చిన్నది నేనే కట్టాను. సికింద్రాబాద్‌లో బట్టల షాపు మీద రెండో అంతస్తులో, ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేని ఒక మూలన కూర్చుని కట్టాను. సార్‌కి మాట వచ్చు, నాకు పని వచ్చు, ఇద్దరం కలిస్తే కంపెనీ నడుస్తుందని మొదట్లో నిజంగానే నమ్మాను. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఇక్కడ మా నాయిన గురించి చెప్పాలి. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. రిపేరుకు వచ్చిన బోగీల కింద వెల్లకిలా పడుకుని ముప్పై ఏళ్లు పనిచేశాడు. బోగీ తయారై వెళ్లిపోతుంటే దాని మీద ఫిట్టర్ పేరు ఎవరు రాస్తారు? అందుకని నాయిన తను బిగించిన ప్లేటు లోపలివైపు పంచ్ ఉలితో మూడు చుక్కలు కొట్టేవాడు. ఒకసారి వంటింట్లో కుక్కర్ పిడి బాగుచేసి, దాని లోపల కూడా మూడు చుక్కలు కొడుతుంటే అడిగాను.

"ఎవరు చూస్తరు నాయినా, లోపట కొడితే?"

"మల్ల ఖరాబైతే ఇప్పుతరు గద బిడ్డా. ఇప్పినోడు చూస్తడు. చాలు."

ఆ మూడు చుక్కలే నా కోడ్‌లోకి వచ్చాయి, వేరే రూపంలో. కోడ్ మధ్యలో కంప్యూటర్ పట్టించుకోని వరుసలు కొన్ని రాసుకోవచ్చు. కామెంట్లంటారు. తర్వాత ఆ ఫైలు తెరిచే మనిషి కోసం రాసేవి. అందరూ ఇంగ్లీషులో పొడిపొడిగా రాస్తారు. నేను ఇంట్లో మాట్లాడే మాటలో, ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలతో రాసేదాన్ని. "జెర ఆగు. ఈ లైన్ ఎందుకున్నదో తెల్వకుంటే ముట్టకు." "ఇక్కడ నేను రెండు దినాలు పరేషాన్ అయిన. నువ్వు కావద్దని రాస్తున్న." "గిట్ల ఎందుకు చేసిన్నని తిట్టుకుంటున్నవా? కింద చదువు, తర్వాత తిట్టు." ఇలాంటివి వందలు.

ఒకసారి సార్ నా వెనక నిలబడి వాటిని చూసి, ఆఫీసంతా వినేలా నవ్వాడు. "ఇదేంటమ్మా, కోడ్ రాశావా, మోండా మార్కెట్లో కూరగాయలు బేరమాడావా? కాస్త ప్రొఫెషనల్‌గా ఉండాలి కదా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పంటి బిగువున. అవి తీసేస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. తీయాలంటే ఫైళ్లు తెరవాలి కదా, పాపం.

మరి ఇంత అయ్యాక ఇప్పుడే నా పేరు ఎందుకు తీశాడంటే, ఒక ట్రస్టు కోసం. నగరంలో కంటి దవాఖానాలు కొన్ని నడిపే ట్రస్టు అది. వాటన్నిటికీ కలిపి ఒకే సైటు కావాలన్నారు. రోగి పేరు నమోదు, టోకెను, పాత రిపోర్టులు అన్నీ అందులోనే. ట్రస్టు పెద్ద ఒక డాక్టరమ్మ. పుట్టింది బోయిగూడలో, ఉద్యోగం చేసింది సైన్యంలో, రిటైరై సైనిక్‌పురిలో ఉంటోంది. ఆవిడ పెట్టిన షరతు ఒకటే. ఈ ఫ్రేమ్‌వర్క్ రాసిన మనిషి ఎవరో ఆ మనిషి పేరు ఒప్పందంలో ఉండాలి, ఏ కష్టమొచ్చినా ఆ మనిషే వచ్చి జవాబు చెప్పాలి. "మధ్యల దలాలీ మనుషులు నాకొద్దు" అందట.

సార్‌కి ఆ ఒక్క మాట చాలు. ఒప్పందం మీద ఆయన పేరు పడితే ఆ ఫ్రేమ్‌వర్క్ శాశ్వతంగా ఆయనదే. ఆ కాగితంలో నేను "సపోర్ట్" అనే ఒక్క ముక్కలో ఉన్నాను, పేరు కూడా లేకుండా. కంపెనీ యజమాని దగ్గరికి వెళ్లాను. "మనమంతా ఒక కుటుంబం కదమ్మా" అన్నాడు. కుటుంబాల్లో వండేది ఒకరూ, వడ్డించి మెప్పు కొట్టేసేది ఇంకొకరూ అని ఆయనకు తెలియక కాదు. సంతకాలు డెమో రోజున, సైటు నడిపి చూపించాక. అంటే నా చేతిలో ఉన్నది మూడు వారాలు.

ఈ మూడు వారాల్లో నేనేమీ చేయలేదు. నిజంగా ఏమీ చేయలేదు. పిలుపు వచ్చేదాకా కూర్చోవడం నాకు వచ్చునని చెప్పాను కదా.

గేట్ల సంగతి చెబితే కథ మొత్తం చెప్పినట్టే. వచ్చిన ప్రతి మనిషీ లోపలి పేజీకి చేరేముందు కొన్ని గేట్లు దాటాలి. మొదటి గేటు, నువ్వెవరు అని అడిగి, లాగిన్ చూసి, పేరు తేల్చుకుంటుంది. ఆ తర్వాతి గేట్లు ఆ పేరు పట్టుకుని మిగతావి అడుగుతాయి. ఈ గేట్లన్నీ ఒక ఫైలులో వరుసగా, ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. పైనుంచి కిందికి అదే క్రమంలో ఫ్రేమ్‌వర్క్ వాటిని పిలుస్తుంది. వరుస మారితే మొత్తం పాడు.

డెమోకి రెండు రోజుల ముందు డాక్టరమ్మ కొత్త గేటు ఒకటి అడిగింది. ఏ బ్రాంచి సిబ్బంది ఆ బ్రాంచి రోగుల వివరాలే చూడాలి, పక్క బ్రాంచివి కనబడకూడదు. న్యాయమైన కోరిక. "నేనే చేస్తాను మేడమ్, ఇదంతా నా చేతి మీదుగా అయిందే కదండీ," అన్నాడు సార్ ఫోన్‌లో, నా వైపు చూడకుండా.

చేశాడు. గేటు బాగానే రాశాడు, అబద్ధం ఎందుకు? కానీ వరుసలో దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు. తనదేదైనా పైన ఉండాలి, అది ఆయన తీరు. ఫైళ్ల మీద పేరు పైన, మీటింగులో కుర్చీ పైన, గేట్లలో గేటు పైన. ఇప్పుడు ఎవరు వచ్చినా, వాళ్లెవరో తేలకముందే ఆయన గేటు "నీది ఏ బ్రాంచి?" అని అడుగుతుంది. మనిషే తేలనప్పుడు బ్రాంచి ఎక్కడిది? అక్కడే కుప్పకూలుతుంది. ఆయన తన కంప్యూటర్లోనే సైటు తెరిచి చూసుకున్నాడు. మొదటి పేజీ చక్కగా వచ్చింది కాబట్టి అంతా బాగుందనుకున్నాడు. మొదటి పేజీ ఎవరైనా చూడొచ్చు, దానికి గేట్లే లేవు.

ఇంకోటి కూడా నాకు తెలుసు. ఫ్రేమ్‌వర్క్‌కి డీబగ్ అని ఒక మీట ఉంది. అది వేసి ఉంటే, ఎక్కడైనా కూలినప్పుడు ఏ ఫైలులో, ఏ లైన్ దగ్గర కూలిందో, ఆ లైన్‌కి పైన కింద ఏముందో అన్నీ తెరమీద పరిచేస్తుంది. పని చేసుకునే మాకు అది కళ్లలాంటిది. జనం వాడే సైటులో మాత్రం ఆపెయ్యాలి, లేకపోతే మన లోగుట్టంతా వీధిన పడుతుంది. సార్‌కి అది లేకపోతే తప్పు ఎక్కడుందో దొరకదు, అందుకని వేసే ఉంచేవాడు. ఆపమని రెండుసార్లు మెయిల్ పెట్టాను. "చూద్దాంలే అమ్మా" అన్నాడు.

ఎవరు ఏది మార్చినా ఇంకొకరు చూసి సరే అంటేనే సైటులోకి వెళ్లాలని మా దగ్గర నియమం. ఆ నియమం పెట్టింది నేనే. డెమో రోజు పొద్దున సార్ మార్పును చూడాల్సిన వంతు కూడా నాదే వచ్చింది. తెరిచాను. ఆయన గేటు అన్నిటికన్నా పైన ధీమాగా కూర్చుని ఉంది. చూసిన మొదటి క్షణంలోనే తప్పు తెలిసింది. కింద రెండు బటన్లు. ఒకటి "సరిచెయ్యి", ఇంకొకటి "అప్రూవ్".

అప్రూవ్ నొక్కాను. నొక్కి, బ్యాగ్ తగిలించుకుని, బోయిగూడ ఆటో ఎక్కాను.

డాక్టరమ్మ డెమోని బోయిగూడ దవాఖానాలోనే, ఓపీ నడుస్తుండగానే పెట్టించింది. ఖాళీ గదిలో నడిచేది నాకు చూపించొద్దు, జనంలో నడిచేది చూపియ్యండి అందట. హాలు నిండా మనుషులు, చేతుల్లో చీటీలు. చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు సగం మంది. హాలుకీ మేము కూర్చున్న గదికీ మధ్య అద్దం తలుపు. గదిలో గోడకు టీవీ, దానికి సార్ ల్యాప్‌టాప్. డాక్టరమ్మ, మా యజమాని, సార్, చివరి కుర్చీలో నేను. బల్ల మీద ఒప్పందం కాగితాలు, పక్కనే పెన్ను.

సార్ మొదలుపెట్టాడు. అబ్బ, ఏం మాట! "ఇందులో ప్రతి లైనూ నేను స్వయంగా రాసిందేనండీ. నా బిడ్డను పెంచినట్టు పెంచాను," అన్నాడు. మొదటి పేజీ వచ్చింది. డాక్టరమ్మ తల ఊపింది. "ఇప్పుడు రిజిస్ట్రేషన్ కౌంటర్ అమ్మాయి లాగిన్ అవుతుంది, చూడండి," అంటూ నొక్కాడు.

టీవీ తెల్లగా అయిపోయింది. పైన ఎర్రటి గీత, దాని కింద కోడ్. అదే క్షణంలో హాల్లో కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తి ఇటు చూసింది. ఆమె తెర మీదా అదే వచ్చింది. ఆ పొద్దుటినుంచే ఆ దవాఖానా మొత్తం మా సైటు మీద నడుస్తోంది, నేను అప్రూవ్ నొక్కిన మార్పును సార్ డెమోకి కూర్చోగానే అందులోకి ఎక్కించాడు.

సార్ ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అదే. మూడోసారి గట్టిగా నొక్కాడు, గట్టిగా నొక్కితే మారుతుందన్నట్టు.

డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని టీవీ దగ్గరకు వెళ్లింది. కూలింది సార్ గేటు పేరు అడగబోయిన నా పాత లైన్ దగ్గర, దాని పైన నా కామెంట్ ఉంది. మొదట ఇంగ్లీషనుకుని కూడబలుక్కుంది. రెండు మాటలయ్యాక ఆగి, నవ్వి, గొంతు పెంచి చదివింది.

"'ఇక్కడికొచ్చి పడ్డవంటే గేట్ల వరుస తప్పు పెట్టినవ్. వచ్చినోడు ఎవడో తెలుసుకోకుంటనే మిగిలినయి అడుగుతున్నవ్. ముందు పేరు అడుగు, తర్వాత ఆపు. మా నాయిన లాలాగూడ వర్క్‌షాప్‌ల బోగీల కింద ముప్పై ఏండ్లు పని చేసిండు, ఒక్కనాడు వరుస తప్పలె. నువ్వెంత, నీ తొందరెంత.'"

చదివి, వెనక్కి తిరిగింది. "ఇది మీరే రాసిన్రా?"

సార్ ముఖం చూడాలి. తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ రోజు కళ్లారా చూశాను. "అది... ఎవరో జూనియర్స్ సరదాగా పెట్టుంటారండీ..."

"ప్రతి లైనూ నేనే రాసిన అన్నరు గద, ఇప్పుడే?"

"అంటే, మొత్తంగా చూస్తే..."

"మొన్న మా ఇంట్ల చాయ్ తాగుకుంట మీ నాన్నగారు కాలేజీ ప్రిన్సిపాల్ అని చెప్పిన్రు. మరి లాలాగూడల బోగీల కింద ఎవరి నాయిన పండుకున్నడు?"

మా యజమాని బల్ల వైపు చూస్తున్నాడు. నేను లేచాను. "మా నాయిన, మేడమ్," అన్నాను. కావలసిన దానికన్నా గట్టిగానే వచ్చింది గొంతు. రెండేళ్ల నుంచి లోపల ఉన్న గొంతు కదా.

"అయితే నువ్వు చెప్పు. ఏందిది, ఎట్ల పనిచేస్తది, ఎందుకు పడ్డది?"

ఇదే పిలుపు. ముందు సరిచేసి, తర్వాత చెప్పొచ్చు. రెండు లైన్ల వరుస మార్చి ఎక్కిస్తే అయిపోయేది. కానీ సార్ అక్కడే నిలబడి ఉన్నాడు, ఆయన వింటుండగా చెప్పాలి నాకు. డాక్టరమ్మను అద్దం తలుపు దగ్గరకు తీసుకెళ్లాను.

"మీ దవాఖానల ఉన్నదే, మేడమ్. గా వాకిట్ల సెక్యూరిటీ అన్న, వచ్చినోళ్లను ఎందుకొచ్చిన్రని అడిగి ఏ దిక్కు పోవాల్నో చెప్తడు. మా దాంట్ల గా పని చేసేటోన్ని రూటర్ అంటం. కౌంటర్ కాడ అమ్మాయి పేరు రాసుకుంటది, అది మొదటి గేటు. డాక్టర్ రూం ముంగట ఆయమ్మ నంబర్ చూసి పంపుతది, అది రెండో గేటు. లోపట డాక్టర్ ఏం కావాల్నో ఆలోచన చేస్తడు. బీరువాలకెంచి పాత ఫైల్ తెప్పిస్తడు. బీరువా మా డేటాబేస్. ఆఖర్న చీటీ రాసి చేతుల పెడ్తరు, అదే మీకు కనబడే పేజీ. డాక్టర్ ఎవ్వరినీ పోయి పిలుచుకరాడు. వంతు వచ్చినప్పుడు ఆయన కాడికే వస్తరు. మేము రాసే కోడ్ సుత గంతే, ఫ్రేమ్‌వర్క్ పిలిస్తేనే లేస్తది."

"మరి ఇయ్యాల ఏమైంది?"

"ఆయమ్మను తెచ్చి వాకిట్ల, సెక్యూరిటీ కన్న ముంగట కూసోబెట్టిన్రు. పేరు రాయకముందే నంబర్ అడుగుతున్నది. వచ్చినోళ్ల కాడ నంబర్ యాడిది?"

డాక్టరమ్మ పెద్దగా నవ్వింది. నేను ఇంకా చెప్పాను. డీబగ్ మీట గురించి చెప్పాను, రెండు మెయిళ్ల గురించి చెప్పాను, పేర్లు మారిన మధ్యాహ్నం గురించి కూడా చెప్పాను, దొండకాయ వేపుడు ఒక్కటి తప్ప. ప్రతి మాటా సార్ చెవిన పడేలా, నిదానంగా చెప్పాను. ఎంత హాయిగా ఉందో దాచుకోను.

చెప్పడం అయ్యాక కౌంటర్ దగ్గరకు బయల్దేరితే, హాల్లో లైను మెట్ల దాకా వెళ్లింది. చుక్కల మందు వేసుకున్న ఒక పెద్దామె గోడ పట్టుకుని నిలబడి, నా అడుగుల చప్పుడు విని అడిగింది, "నా నంబర్ వచ్చిందా బిడ్డా?" "వస్తదమ్మా, ఇప్పుడే వస్తది," అన్నాను. కౌంటర్లో కూర్చుని, గేటును కిందికి దించి, డీబగ్ ఆపేసి, సైటులోకి ఎక్కించాను. ఒక చాయ్ తాగినంత కూడా పట్టలేదు.

ఒప్పందంలో సార్ పేరు కొట్టేసి నా పేరు రాయించింది డాక్టరమ్మ, తన పెన్నుతోనే. ఫైళ్ల మీద కూడా నా పేరు తిరిగొచ్చింది. అంతటితో వదిలానా? ఫ్రేమ్‌వర్క్ ముట్టుకునే ప్రతివాళ్లూ సోమవారం మీటింగులో ఆ ఫైలు కామెంట్లు బయటికి చదవాలని నియమం పెట్టాను. మొదటి సోమవారం సార్ వంతు. మెడ దగ్గర బటన్ సర్దుకుంటూ, "ఇక్కడ నేను రెండు దినాలు... పరేషాన్ అయిన," అని చదువుతుంటే కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. "వినబడ్తలేదు సార్, జెర గట్టిగ," అన్నాను కూడా. మోండా మార్కెట్ గుర్తుంది నాకు.

ఇదంతా సోమవారాల సంగతి. డెమో రోజు సాయంత్రం మాత్రం ఇంటికి మిఠాయి డబ్బాతో వెళ్లాను. నాయిన ముందు గదిలో చాప మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. మొత్తం నటించి చూపించాను. సార్ ల్యాప్‌టాప్‌ని గట్టిగా నొక్కడం, డాక్టరమ్మ చదవడం, అన్నీ. నాయిన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"నన్ను సుత ఇరికిచ్చినవా అండ్ల!"

"నీ మూడు చుక్కలే నాయినా, గవి. ఇప్పినోళ్లు చూసిన్రు."

అది విని ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. ఒక ఎల్లిపాయ ఒలిచి గిన్నెలో వేశాడు.

"గా తప్పు నీకు ముందుగాల ఎరుకేనా?"

"ఎరుకే."

"చూసి వదిలినవా?"

"వదిలిన."

"దవాఖానల జనం ఉండిర్రా?"

గోడ పట్టుకున్న పెద్దామె గుర్తొచ్చింది. ఆమె సంగతి నటించి చూపించినప్పుడు వదిలేశాను. నాయినకు ఆ వదిలేసిన చోటు ఎలా దొరికిందో నాకు తెలియదు.

"నేను ముందు బోల్టు బిగిచ్చేటోన్ని బిడ్డా," అన్నాడు. "గుర్తు తర్వాత కొట్టేటోన్ని."

ఒళ్లు మండింది నాకు. "ఆయన నా పేరే కొట్టేసిండు నాయినా! రెండేండ్ల పని! నీకు గది కనబడ్తలేదా?"

"కొట్టేసిండు. తప్పే. వానికి కావాల్సిందే అయింది," అన్నాడు నాయిన. "గోడ పట్టుకొని నిలబడ్డోళ్లు ఏం చేసిన్రు నిన్ను?" గోడ సంగతి నేను చెప్పలేదు. కంటి దవాఖానాలో జనం ఎలా నిలబడతారో ఆయనకూ తెలుసు, ఆయనకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఇంకేమీ అనకుండా మిఠాయి ఒకటి తిని, బాగుందన్నాడు.

తెల్లారి ఆఫీసుకు వెళ్లి ఒక పని చేశాను. మొదలయ్యేటప్పుడే ఫ్రేమ్‌వర్క్ గేట్ల వరుస చూసుకోవాలి. వరుస తప్పితే అసలు లేవకూడదు, ఎక్కడ తప్పిందో రాసినవాళ్లకే చెప్పి ఆగిపోవాలి. అలా చేస్తే ఆ తప్పు జనం దాకా ఎప్పటికీ రాదు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోయింది. ఇది రెండేళ్ల కిందటే రాయొచ్చు. ఎందుకు రాయలేదంటే, తప్పు పెట్టినోడు పడాలి, పడి నా తిట్లు చదవాలి అనుకున్నాను. అదీ నిజం. ఆ కొత్త కోడ్ పైన ఒకటే కామెంట్ పెట్టాను, "బోల్టు బిగిచ్చిన" అని.

దాన్ని మొదట వాడింది ఎవరో చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండా సార్ ఇంకో కొత్త గేటు రాశాడు, మళ్లీ అన్నిటికన్నా పైన పెట్టాడు. ఆయన కంప్యూటర్లోనే ఫ్రేమ్‌వర్క్ ఆగిపోయి, ఇది కిందికి రావాలి అని చెప్పింది. ఆయన దాన్ని కిందికి దించాడు. ఎవరికీ తెలియలేదు, ఎవరూ నవ్వలేదు. ఫ్రేమ్‌వర్క్ రాసుకునే రికార్డులో చూసిన నాకొక్కదానికే తెలుసు. తలెత్తి చూస్తే ఆయన చొక్కా చేతులు సర్దుకుంటూ చాయ్‌కి వెళ్తున్నాడు.

ఇక ఆయన జనం ముందు ఎప్పటికీ పడడు. ఆ ఏర్పాటు నా చేతులతో నేనే చేశాను, గోడ పట్టుకున్న ఆ పెద్దామె కోసం. మంచి పనేనని నాకూ తెలుసు. అయినా ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండిపోతుంది.